పులి ముట్టిన నిప్పు

పోయిన వారం సోములమ్మను మనం బడి గడప దగ్గర వదిలిపెట్టాం. మొగుడు గాసి ఘాటురోడ్డు పనిలో బండ కింద పడి పోయాక, "సచ్చినోడి బదులు పిల్లల్ని పంపు" అని కొండ ఊళ్ల పెత్తందారైన ముఠాదారు మనుషులు గుమ్మంలోకి వచ్చి అడగడం, ఆమె మర్నాడే పెదబయలు కొండల్లోని పాకను అలాగే వదిలేసి గంగనూ బుధునూ వెంటబెట్టుకుని డుంబ్రిగుడ దాపున ఉన్న పనసగుడకు వచ్చి పడడం మీకు గుర్తుండే ఉంటుంది. ఇన్ని ఊళ్లుండగా పనసగుడే ఎందుకంటే, అక్కడ సర్కారు బడి ఉంది. బడిలో కూర్చున్న పిల్లల జోలికి రోడ్డు మేస్త్రీ రాడని సంతలో ఎవరో అన్నారు. రోడ్డూ సర్కారుదే, బడీ సర్కారుదే, తన బడి పిల్లల్ని సర్కారు తనే ఎలా లాక్కుంటుందని ఆమె ధీమా. మన్యంలో పితూరి, అంటే తిరుగుబాటు, అణిగిన ఆ రోజుల్లో సర్కారు గురించి అంత మంచిగా ఆలోచించిన మనిషి ఆ కొండల్లో ఆమె ఒక్కతే కాబోలు.

బడి అంటే పెద్ద భవనం కాదు. నాలుగు గుంజల మీద గడ్డి కప్పిన పాక. పంతులు రమణమూర్తి భీమిలి నుంచి వచ్చినవాడు. వచ్చిన నెలలోనే మన్యం జ్వరం పట్టుకుంది. ఎండలో కూడా కంబళి కప్పుకునే పాఠం చెప్పేవాడు. ఇద్దరు కొత్త పిల్లల్ని చూడగానే ఆ పాలిపోయిన ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"రామ్మా, రా. పేర్లేమిటి?"

"ఇది గంగ, బాబూ. ఈడు బుధు. ఇద్దరూ సెప్పినమాట ఇంటారు. కూకోమంటే కూకుంటారు. పొద్దుగూకేదాకా నెగమన్నా నెగరు."

"లేవకపోతే ఎలాగమ్మా, ఆడుకోవద్దూ?" అని పంతులు నవ్వాడు. సోములమ్మకు కూడా నవ్వొచ్చింది. మొగుడు పోయాక నవ్వడం అదే మొదటిసారని ఆమెకే తోచి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్లలిద్దరూ చాప చివర కూర్చున్నారు. గంగకు పదేళ్లు దాటాయి. దాని కళ్లు అప్పుడే గుంజకు ఆనించిన నల్లబల్ల మీద ఉన్నాయి. అంతలో ముందు వరసలో ఒక పిల్ల లేచింది. తమ్ముడి జబ్బ పట్టుకుని లేవదీసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది. దాని వెనక ఇంకొకడు లేచాడు. తర్వాత వరసంతా లేచింది. "ఎక్కడికర్రా? కూర్చోండి!" అని పంతులు అరిచాడు. చివరగా వెళుతున్నవాడు ఒక్కడే వెనక్కి తిరిగి, "మాయమ్మ తిడతాది" అని చెప్పి పరుగెత్తాడు. పాకలో గంగా బుధూ మిగిలారు. పంతులుకు ఏమీ అర్థం కాలేదు. సోములమ్మకూ కాలేదు.

అర్థం చెప్పడానికి ఊరి పెద్ద పోలయ్య నాయుడు వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి. కోపంతో వచ్చినట్టు లేడు, పాకలోకి అడుగు కూడా పెట్టలేదు.

"పంతులుబాబూ, ఈ గుంటలు కూకుంటే మా గుంటలు కూకోరు."

"ఎందుకు కూర్చోరయ్యా? వీళ్లూ మీ కొండవాళ్లే కదా."

"కొండోలే. కాదన్నానేటి? పులి ముట్టిన ఇంటి నిప్పు తెచ్చుకున్నారు. ఆ నిప్పు మీద వొండింది తిన్నారు. మరింక మా గుంటలు ఈల పక్కన ఎలగ కూకుంటారు?"

పంతులుకు తెలియకపోవచ్చు గానీ ఆ మాట అర్థం సోములమ్మకు కొత్త కాదు. పులి మనిషిని చంపితే ఆ మనిషి ఇంటికి మైల అంటుతుంది. గురువు వచ్చి శుద్ధి చేసేదాకా ఆ ఇంటి నిప్పు, ఆ ఇంటి నీళ్లు ఎవరూ ముట్టరు. ముట్టినవాళ్లూ ఆ ఇంటివాళ్లే అయిపోతారు. ఆమె పుట్టిన చోట అలాంటి గడపకు అడ్డంగా ముళ్లకంప వేస్తారు. పరాయివాడు కూడా చూసి తప్పుకుంటాడు. పనసగుడలో కంప వేయరు. అందరికీ తెలుసు కదా, ఇంక కంపెందుకని వాళ్ల ఆలోచన. కొత్తగా వచ్చేవాళ్లు కూడా ఉంటారని ఎవరికీ తట్టలేదు. ఇన్నేళ్లుగా ఎవరూ రాలేదు మరి.

ఆమె వచ్చిన సాయంత్రం కుండపోతగా వాన. పాత పొయ్యిలోంచి కుండలో మోసుకొచ్చిన నిప్పు దారిలోనే చచ్చింది. బుధు పళ్లు టకటకలాడుతున్నాయి. ఊరి మొదట్లో, కొడుకు పోయి ఒంటరిగా ఉంటున్న ముత్యాలమ్మ గుడిసెలో పొగ కనిపించింది. వెళ్లి అడిగింది. కొత్త ఊరికి వచ్చినవాళ్లు ముందు నాయుడింటికి వెళ్లి, ఏ ఇంటి నిప్పు తీసుకోవాలో అడగాలని ఆమెకు తెలుసు. తెలిసీ, తడిసిన పిల్లల్ని చూసుకుని, దగ్గరి గడప తొక్కింది. ఆమె చేసిన తప్పల్లా అంతే.

పంతులు కంబళి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "చూడమ్మా, వచ్చే వారం ఇనస్పెక్టరుగారు వస్తారు. బడి ఖాళీగా కనిపిస్తే ఎత్తేస్తారు. నాయుడు సరేనంటే నేను తప్పకుండా చేర్చుకుంటాను. నాకేం అభ్యంతరం లేదు." అభ్యంతరం లేదంటూనే బుధు రెక్క పట్టుకుని లేపి, గడప దాటించాడు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

బయట పోలయ్య నాయుడు ఆమెతో పాటు కొంచెం దూరం నడిచాడు.

"నాను సెడ్డోణ్ని కాదమ్మా. ఈ మైల తీసే గురువు ఒక్కడే. ఆ ఇంటోళ్లకే ఆ అక్కుంది. పితూరిలో ఆణ్ని పట్టుకుపోనారు. జైల్లోనే పోనాడని సెప్పుకుంటన్నారు. మరింక ఎవుల్ని పిలవమంటావు?"

"మరి నాకు దారే నేదా, నాయుడుబాబూ?"

"ఒకటున్నాది. మైల దాసిపెట్టి నిప్పిస్తే ఇచ్చినోళ్లదే తప్పు. తీసుకున్నోళ్లకి అంటదు. ఈయేల పొద్దు వాలీకాడ సదరు మీద పెద్దలు కూకుంటారు. ఆ ముసిల్ది నిన్ను మోసం సేసి నిప్పిచ్చిందని సెప్పు. మా ఇంటి నిప్పు మాయావిడిస్తాది. రేపు నీ గుంటలు బడిలో కూకుంటారు."

"మరి ముత్యాలమ్మ?"

"మైల పంచినోళ్లని ఊళ్లో ఉంచరు" అన్నాడు నాయుడు. "ఇంకో మాట కూడా ఇనుకో. రోడ్డు మేస్త్రీ లోయలో గుడారం ఏసినాడు. ఊరికో మనిషినిమ్మంటాడు. ఊరోళ్లని కాపాడుకోవాలంటే ఊరు కానోళ్లని సూపించాల. నానెవుల్ని సూపిస్తానో నీకు తెలుసు. నా నోటంట సెప్పించకు."

*

ముత్యాలమ్మ గుడిసె ముందు కూర్చుని అడ్డాకులు కుడుతోంది. పక్కనే గంగ వెదురు ఈనెలు చీల్చి అందిస్తోంది. బడి నుంచి తరిమేశాక తిన్నగా ఇక్కడికే వచ్చిందన్నమాట. వచ్చిన నాటి నుంచీ దానికి అవ్వ అంటే ప్రాణం. అవ్వ పాత పాటలు పాడుతుంది, జుట్టు దువ్వుతుంది, ఏం అడిగినా విసుక్కోదు. ఇన్నాళ్లూ ఈ స్నేహం చూసి సోములమ్మ మురిసిపోయింది. ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

"పెద్దమ్మా, నీ కొడుకు ఎలగ పోనాడు?"

ముసలామె చేతిలో ఈనె ఆగిపోయింది.

"సెప్పీసినారేటి?"

"పులేనా?"

"పులే. పసువుల్ని తోలుకెల్లినాడు. పసువులు తిరిగొచ్చినాయి. ఆడు రానేదు."

"మరి నాకెందుకు సెప్పనేదు?" సోములమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "నీ కళ్లెదటే నా గుంటలు ఆ నిప్పు మీద అంబలి తాగినారే! ఒక్క మాటంటే నీ నోటి ముత్తేలు రాలిపోతాయేటి?"

"సెప్పినాను గదమ్మా."

"ఎప్పుడు?"

"నువ్వు కుండట్టుకుని గడపలో నిలబడితే, 'ఒద్దమ్మా, నా ఇంటి నిప్పొద్దు, ఎగువింటికెల్లు' అన్నాను. 'నిప్పుకేటి, ఎవులింటిదైనా నిప్పే, నా గుంటలు సలికి సచ్చిపోతన్నారు' అన్నావు."

సోములమ్మకు గుర్తొచ్చింది. వాన చప్పుడు, బుధు వణుకు, ఆ మాటలు, అన్నీ. ఆ రోజు ముసల్ది పేదరికానికి సిగ్గుపడుతోంది కాబోలనుకుంది. పోనీలే పాపం అని తనే చనువుగా లోపలికి చొరబడి పొయ్యి దగ్గర కూర్చుంది.

"ఒక్కపాలే అన్నాను" అంది ముత్యాలమ్మ నేల చూపులు చూస్తూ. "రెండోపాలి అనుండాల. నోరు రానేదు. నా కొడుకు పోనాక నా గడపలోకొచ్చి ఎవులూ ఒకటి ఇమ్మని అడగనేదు. నువ్వడిగినావు. ఇచ్చీసినాను. తప్పు నాదేనమ్మా."

తిట్టడానికే వచ్చిన సోములమ్మకు తిట్లు కరువయ్యాయి. ముసల్ది ఎదురుతిరిగితే బాగుండును, నాలుగు మాటలు అంటే బాగుండును. అప్పుడు తను సాయంత్రం చెప్పబోయే మాట చెప్పడం తేలికయ్యేది. ఆమె గుంజకు ఆనుకుని కూర్చుంది.

"నాయుడేటన్నాడో నాకు తెలుసు" అంది ముత్యాలమ్మ. "ఎల్లి సెప్పు. ముసిల్ది దాసిపెట్టిందని సెప్పు. నాను కాదన్ను."

"మరి నువ్వెక్కడికెల్తావు?"

"ఎక్కడికో అక్కడికి. నన్నేటి బడిలో ఎట్టుకుంటారా, పలకట్టుకుని అచ్చరాలు దిద్దడానికి?" అని బోసినోటితో నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు.

"అవ్వ సెప్పింది" అంది గంగ. అందాకా అది అక్కడుందన్న సంగతే ఇద్దరూ మర్చిపోయారు. "అవ్వ ఒద్దని సెప్పింది. నానిన్నాను. అమ్మా, నువ్వే లోపలికెల్లినావు."

"నువ్వూరుకో."

"సెప్పింది గదా!"

సోములమ్మ దాని వీపు మీద ఒక్కటి వేసింది. గంగ ఏడవలేదు. చేతిలో ఉన్న ఈనెలు జాగ్రత్తగా కింద పెట్టి, అవ్వ వెనక్కి వెళ్లి కూర్చుంది. కూతురు తన దెబ్బలకు దొరక్కుండా పరాయిదాని వెనక దాక్కోవడం తల్లి గుండెను మెలిపెట్టింది. అయినా ఏం చేస్తుంది? రోడ్డు పనిలో బండ కింద నుంచి గాసిని లాగినప్పుడు ఆ చేతులు ఎలా ఉన్నాయో చూసిన కళ్లు ఆమెవి. ఆ చేతుల స్థానంలో బుధు చేతులు పెట్టి చూసుకోలేకపోయింది.

*

సదరు అంటే ఊరి మధ్య పెద్ద పలకరాళ్లు పేర్చిన తీర్పు అరుగు. దాని మీద అరచెయ్యి ఆనించి చెప్పిన మాట మళ్లీ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. పొద్దు వాలే వేళకు ఊరంతా చుట్టూ చేరింది. బడి నుంచి లేచిపోయిన పిల్లలు కూడా తల్లుల పక్కన నిలబడి చూస్తున్నారు.

"నిప్పు అడిగినావా?" అన్నాడు పోలయ్య నాయుడు.

"అడిగినాను." సోములమ్మ చెయ్యి రాయి మీద ఉంది.

"అది పులి ముట్టిన ఇల్లని ఆ ముసిల్ది నీకు సెప్పిందా, నేదా?"

రాయి ఇంకా ఎండకు వెచ్చగానే ఉంది. సోములమ్మ ఎవరినీ చూడకూడదని ముందే అనుకుంది. అయినా చూపు గంగ మీదికే పోయింది. గంగ కళ్లు తిప్పుకోకుండా తల్లినే చూస్తోంది.

"సెప్పనేదు."

"ముత్యాలమ్మా, నువ్వేటంటావు?"

"సెప్పనేదు, నాయుడా. దాసిపెట్టినాను" అంది ముత్యాలమ్మ.

అందరూ ఊపిరి వదిలారు. ఎవరి మీదా పగలేదు, ఎవరికీ కోపం లేదు. ఒక చిక్కు విడిపోయిందన్న సంతోషం తప్ప వాళ్ల ముఖాల్లో ఇంకేమీ లేదు. తెల్లారేలోగా ముత్యాలమ్మ ఊరు దాటాలన్నారు. నాయుడి భార్య కొత్త కుండలో నిప్పు తెచ్చి సోములమ్మకు ఇచ్చి, "ఇంక నువ్వు మా ఊరిదానివే, సెల్లీ" అంది. ఆ పిలుపు కోసమే కదా ఆమె ఇన్ని కొండలు దాటి వచ్చింది! విన్నాక, ఎవరి ముఖమూ చూడకుండా కుండ ఎత్తుకుని తన పాకకు నడిచింది.

ఆ నిప్పు మీద చోడి అంబలి కాచింది. బుధు రెండు దొప్పలు తాగాడు. "ఆకలి నేదు" అని గంగ గోడవైపు తిరిగి పడుకుంది. రేపు బడికి వెళితే అదే మర్చిపోతుందిలే అనుకుంది తల్లి. పిల్లలు మర్చిపోతారని పెద్దలకు అదొక నమ్మకం.

*

తెల్లారి లేచేసరికి చాప మీద గంగ లేదు. అలిగి వాగుకి పోయి ఉంటుంది, వచ్చేస్తుంది. అలా అనుకునే సోములమ్మ బుధుకు తల దువ్వి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది. సంత రోజు కావడంతో దారిలో జనం ఎదురవుతూనే ఉన్నారు. ఎవరూ తప్పుకుని నడవలేదు. ఒకరిద్దరు పలకరించారు కూడా.

బడి నిండుగా ఉంది. బుధు వెళ్లేసరికి ముందు వరసలో పిల్లలు ఒకళ్లనొకళ్లు జరుపుకుని చోటిచ్చారు. పంతులు తన పలకే తీసి వాడి ఒళ్లో పెట్టాడు. "అ" అని పిల్లలంతా గొంతెత్తారు. వెనకబడి, ఒక్కడుగా, "అ" అన్నాడు బుధు. గడపలో నిలబడ్డ సోములమ్మకు ఆ ఒక్క అక్షరానికే కళ్లు నిండాయి. చేసిన పాపం చేసినట్టే ఉంది, అయినా వాడు లోపల ఉన్నాడు, మేస్త్రీ చేతికి అందడు.

"అమ్మాయేదమ్మా?" అన్నాడు పంతులు.

"వస్తాది బాబూ. ఎనకాలే వస్తాది."

బడిలో పిల్లలు కూర్చున్నారో లేదో చూసి పోదామని పోలయ్య నాయుడు కూడా వచ్చి నిలబడ్డాడు. అప్పుడే ఉప్పు వర్తకుడు సింహాచలం, బరువులు మోసే ఎడ్లను అదిలించుకుంటూ పల్లపు దారి నుంచి ఎక్కి వచ్చాడు. మైదానం మనిషి. ప్రతి సంతకూ వస్తాడు. దారిలో చూసినవన్నీ చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు.

"ఏటి నాయుడూ, మీ ఊరి ముసిల్దాన్ని తోలీసినారట! లోయలో మేస్త్రీ గుడారం కాడ కనపడ్డాది. ఎనకాలే ఓ గుంట కూడా ఉన్నాది. ముసిల్ది ఎందుకూ పనికిరాదని మేస్త్రీ ఒగ్గీసినాడు. గుంటని మాత్రం ఆపీసి, 'ఏ ఊరే నీది?' అనడిగినాడు. పనసగుడంటే ఒగ్గీసును, మరి. ఊరున్నోళ్లని నాయుడు సూపించకుండా ఎత్తుకెళ్తే గొడవయిపోతాది కదా."

"ఏటన్నాది?" అంది సోములమ్మ.

"'నాకూరు నేదు. నానీ అవ్వ మనవరాల్ని' అన్నాది. ముసిల్ది కాదు కాదని మొత్తుకుంటే కూడా అదే మాట. ఊరు నేనోళ్లయితే మరీ మంచిదని మట్టి మోసే తట్ట సేతికిచ్చి కూకోబెట్టీసినాడు." సింహాచలం అప్పుడామె ముఖం చూశాడు. "ఏటి, నీ గుంటేనా?"

సోములమ్మ నాయుడి కాళ్ల మీద పడింది. "బాబూ, ఒక్కపాలి ఎల్లండి. ఆ గుంట మా ఊరిదేనని ఒక్క మాట సెప్పండి."

"సెప్తే ఒగ్గుతాడు" అన్నాడు నాయుడు. "ఒగ్గి, మరి మీ ఊరి మనిషేడీ అంటాడు. ఎవుల్నిమ్మంటావు, నువ్వే సెప్పు."

"నన్నిచ్చీండి. నానెల్తాను. నాను మోస్తాను తట్ట."

"ఘాటు పనంటే ఎన్ని నెలలో ఎవులికి తెలుసు. నువ్వెల్తే ఈ గుంటడెవులింట తింటాడు? ఎవులి పక్కన పడుకుంటాడు? నిన్న కలిసినోళ్లకి ఊళ్లో ఎవులు సుట్టాలమ్మా, నీ గుంటడ్ని సాకడానికి? ఉంటే గింటే ఒక్క ముత్యాలమ్మే..."

పోలయ్య నాయుడు మాట మధ్యలో ఆపేసి తల పక్కకు తిప్పుకున్నాడు. లోయలోంచి మేస్త్రీ కొమ్ము ఊదడం వినిపించింది. కింద గుడారాలు ఎత్తేస్తున్నారు.